టార్గ్ ఎటర్నిటీ: ఆరేళ్లు ఆడించాక నా మాట

టార్గ్ ఎటర్నిటీ అనేది టేబుల్ చుట్టూ కూర్చుని, పాత్రలు పోషిస్తూ కథ నడిపే ఆట. దాన్ని 2019 నుంచి గేమ్ మాస్టర్‌గా, అంటే కథ నడిపే మనిషిగా ఆడిస్తున్నాను. హైదరాబాదులో మా ఇంటి హాల్లోనే, నెలకు రెండు శనివారాలు, ఎదురుగా నలుగురు ఆటగాళ్లు. ఆటలో వాడే డెస్టినీ కార్డుల మూలలు మెత్తబడి పోగులు లేచాయి. ఇన్నాళ్లూ నన్ను ఈ ఆటకు కట్టిపడేసింది, దండెత్తి వచ్చిన లోకంలోకి తమంతట తామే నడిచి వెళ్లే మామూలు మనుషులు.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1990లో వెస్ట్ ఎండ్ గేమ్స్ తెచ్చిన టార్గ్‌కి ఇది ఉలిసెస్ స్పీలె తెచ్చిన కొత్త రూపం. వేరే లోకాలు భూమి మీద పడతాయి. బ్రిటన్ మీద మాయల లోకం ఐల్, ఫ్రాన్స్ మీద యంత్రాలూ చర్చీ కలిసి ఏలే సైబర్‌పపసీ, ఈజిప్టు మీద పాత సాహస కథల్లాంటి నైల్ ఎంపైర్, అమెరికా మీద డైనోసార్ల అడవి లోకం లివింగ్ లాండ్. స్టెలాలనే స్తంభాలు మూడు చోట్ల పాతితే, ఆ త్రికోణం లోపలి నేల ఆ లోకపు నియమాల కిందికి పోతుంది.

రూల్‌బుక్‌లో మనుషులు ఆ లోకపు మనుషులుగా మారడం వానలో తడవడం లాంటిది. వాళ్లను వాళ్లుగా నిలిపే పాసిబిలిటీ అనే శక్తి కారిపోతుంది, మారిపోతారు, అంతే. పాచికల్లోనూ అదే తేడా. 20 ముఖాల పాచిక మీద 10 పడినా 20 పడినా హీరోలు మళ్లీ వేస్తారు, మామూలు మనిషి 10 పడితేనే. మొదటి ఏడాది నేనూ అలాగే ఆడించాను. ఊళ్లకు ఊళ్లు మారాయి, మావాళ్లు స్తంభాలు పీకారు, ఒక్క ముఖం కూడా ఎవరికీ గుర్తులేదు.

ఆ తర్వాత, ఎదురుపడే ప్రతి మనిషికీ ఒక జవాబు ముందే రాసుకోవడం మొదలుపెట్టాను: ఇక్కడికొచ్చాక ఇతనికి దొరికిందేమిటి?

లివింగ్ లాండ్‌లో ఒక అకౌంటెంట్‌ని పెట్టాను. అక్కడ ఫోన్ పలకదు, తుపాకీ పేలదు, కానీ ప్రార్థనకు బలం ఎక్కువ. అతని కూతురిది పుట్టుకతో వచ్చిన ఉబ్బసం. లనాలా దేవతను కొలిచే ఎడైనోస్ (బల్లి మనుషుల జాతి) పూజారి చెయ్యి వేశాక పాప మొదటిసారి పరుగెత్తింది. మా వాళ్లు ఇంటికి రమ్మంటే అతను అన్నాడు: "ఇరవై ఏళ్లు వేరేవాళ్ల బిల్లులు కూడుతూ గడిపాను. ఇక్కడ వాన పడితే ఒంటికి తెలుస్తోంది." టేబుల్ దగ్గర ఒక్క మాట లేదు. కాసేపటికి మాలో చిన్నవాడు అడిగాడు, "అక్కా, ఇతన్ని ఎవరి నుంచి కాపాడాలి?"

ఆటలో నాకు బాగా నచ్చిన నియమం సరిగ్గా ఇక్కడ పనికొచ్చింది. స్తంభాన్ని ఊరికే పీకేస్తే, శక్తి కోల్పోయిన జనం ఆ మార్పు తట్టుకోలేక చచ్చిపోతారు. ముందు డెస్టినీ కార్డుల్లో ఒకటైన గ్లోరీ కార్డుతో ఒక ఘనకార్యం సాధించి, ఆ కథ జనం చెవిన పడేలా చేసి, వాళ్లలో ఆశ రగిలించాలి. ఆ కార్డు చేతిలో ఉండి కూడా మా వాడు రెండు సెషన్ల పాటు దాన్ని దించలేదు. ఆశ తగ్గి కాదు, అక్కడ సుఖంగా ఉన్న మనిషికి ఏ కథ చెప్పాలో వాడికి తోచలేదు.

మిగతా లోకాలకూ జవాబులు దొరికాయి. నైల్ ఎంపైర్‌లో మంచివాడెవరో చెడ్డవాడెవరో లోకమే తేల్చేస్తుంది. కోర్టుల చుట్టూ తిరిగి అలసినవాడికి అదెంత ఊరటో ఊహించండి. సైబర్‌పపసీలో తెగిన కాలికి లోహపు కాలు వస్తుంది, బదులుగా మనసంతా చర్చికి అప్పజెప్పాలి.

నా ఫిర్యాదు ఒకటే. జనం తమంతట తామే ఆ లోకాన్ని కోరుకునే ఈ ఎంపికకు పుస్తకంలో తగినంత చోటు లేదు, గేమ్ మాస్టర్ సొంతంగా కల్పించుకోవాల్సిందే. యుద్ధాలు, ఛేజింగులు కావాలనుకునేవాళ్లకు ఆ లోటు తెలియదు. మనుషుల కోసం ఆడేవాళ్లు కొనేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది మన దేశమే. ఈ కూర్పులో భారతదేశం మీద పడేది ఓరోర్ష్, భయమే చట్టంగా నడిచే లోకం. అక్కడికి ఇష్టపడి ఎవరు వెళతారు? చాలాకాలం జవాబు దొరకలేదు. వచ్చే నెల మొదలుపెట్టబోయే కథలో ఒక తల్లి ఉంది. ఏడాది కిందట పోయిన కొడుకు, రోజూ అర్ధరాత్రి వాకిట్లో నిలబడి "అమ్మా, తలుపు తీయవే" అంటాడు. మూడో రాత్రికే ఆమె గడియ పెట్టడం మానేసింది.