సెయింట్ ట్రోపే: చూడొచ్చు గానీ, బస మాత్రం అవతలి ఒడ్డున

ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని సెయింట్ ట్రోపేకి రైలు లేదు. దగ్గర్లోని సాన్ రఫాయెల్‌లో దిగి బస్సో పడవో ఎక్కాలి. వేసవిలో బస్సు జోలికి పోకండి, సముద్రం పక్క రోడ్డులో ట్రాఫిక్ కదిలితే కదిలినట్టు, లేకపోతే లేనట్టు. పడవైతే గంట ప్రయాణం. ఊళ్లో గదుల అద్దెలు చూసి గుండె గుభేలుమంది. అందుకే అఖాతానికి అవతలి ఒడ్డున ఉన్న సాంత్ మాక్సిమ్‌లో దిగాం. అక్కడి నుంచి పడవలో పావుగంట. గది చిన్నదే, శుభ్రంగా ఉంది. రాత్రి చివరి పడవ టైమ్ మాత్రం ముందే కనుక్కోండి.

మేం వెళ్లింది ఫ్రెంచి సినిమా తార బ్రిజిత్ బార్డో కోసం. 1956లో వచ్చిన సినిమాతో ఆమె ప్రపంచానికి తెలిసింది, ఆ షూటింగ్ జరిగిన ఈ జాలరుల ఊరూ తెలిసింది. పాత పోలీస్ స్టేషన్‌ను 2016లో సినిమా మ్యూజియం చేశారు. హాస్యనటుడు లూయీ ద ఫ్యూనెస్ పోలీస్ కామెడీలు ఇష్టమైనవాళ్లకు పండగే. మిగతావాళ్లకూ టికెట్ డబ్బులు దండగ కావు. ముందు బార్డో కంచు విగ్రహం ఉంది, 2017లో పెట్టారు. సెల్ఫీల క్యూ అక్కడే.

నాకు నచ్చనిది ప్రముఖుల ఇళ్లు చూపించే పడవ టూర్. లా మద్రాగ్ అనే ఇంటిని బార్డో 1958లో కొన్నది. పడవలోంచి కనిపించేది గోడా, చెట్లూ. ఫ్రెంచిలో గడగడా వాగే మైకు ఒకటి. పైగా అప్పటికి, 2025 సెప్టెంబర్‌లో, ఆమె ఇంకా బతికే ఉంది. తొంభై దాటిన మనిషి ఇంటి ముందు పడవ ఆపి ఫోన్లు ఎత్తడం ఏం బాగుంటుంది! ఆ డిసెంబర్‌లోనే పోయింది.

ఊరు అమ్ముకునేదంతా ఆమె ఇరవైల నాటి ముఖమే. నలభై రాకుండానే, 1973లో, సినిమాలు మానేసిందని పోస్టర్లు చెప్పవు. 1977లో సీల్ పిల్లల వేటను ఆపాలంటూ కెనడా మంచు మీదికి వెళ్లింది. 1986లో జంతువుల కోసం ఫౌండేషన్ పెట్టింది. దానికి మూలధనం కావాలని మరుసటి ఏడాది నగలూ వస్తువులూ వేలం వేసింది, తర్వాత ఇల్లూ రాసిచ్చేసింది. జాతి విద్వేషపు మాటలకు కోర్టులు పలుమార్లు జరిమానా వేసిందీ ఈమెకే. ఆ సంగతీ షాపుల్లో దొరకదు, సహజమే.

మంగళవారం గానీ శనివారం గానీ పొద్దున్నే వెళ్తే ప్లాస్ దే లీస్‌లో సంత ఉంటుంది. పండ్లు, చీజ్, ఆలివ్‌లు కొనుక్కుంటే మధ్యాహ్నం భోజనం ఖర్చు తప్పుతుంది. రేవు దగ్గరి కెఫేల్లో కాఫీ ధరకి మా సాంత్ మాక్సిమ్‌లో టిఫినే వచ్చేది. త్రోపేజియెన్ అనే క్రీమ్ కేకు తప్పకుండా తినండి, ఆ పేరు పెట్టమని సలహా ఇచ్చింది బార్డోనే అంటారు. గుడ్డు తిననివాళ్లు మాత్రం దాని జోలికి వెళ్లొద్దు.