నాలుగేళ్లుగా నా బ్రిడ్జ్ కెమెరా: భవానీ ద్వీపం నుంచి ఉప్పలపాడు చెరువు దాకా

మా ఇల్లు విజయవాడ భవానీపురంలో. పున్నమి ఘాట్‌కు నడిచి వెళ్లిపోవచ్చు. పొద్దున్నే కృష్ణ ఒడ్డుకు వెళ్లే అలవాటు చాలా ఏళ్ల నుంచి ఉంది. అక్కడ నీటి మీద ఒకేచోట గాలిలో నిలబడి, రెక్కలు గబగబా ఆడిస్తూ, ఉన్నట్టుండి తల కిందికి పెట్టి రాయిలా నీళ్లలో పడే నలుపు తెలుపు పిట్ట ఒకటి కనిపించేది. అదేమిటో తెలిసేది కాదు. ఫోనులో తీస్తే చుక్కలా వచ్చేది. 2021 చివర్లో నేను కెమెరా కొన్నది ఆ పిట్ట కోసమే. అది మన లకుముకి పిట్టకు చుట్టమని, పైడ్ కింగ్‌ఫిషర్ అంటారని మొదటి వారంలోనే తెలిసింది.

నేను కొన్నది బ్రిడ్జ్ కెమెరా. అంటే లెన్స్ మార్చే పని లేకుండా, బాడీకే బిగించి ఉన్న పెద్ద జూమ్. నా దాంట్లో 60 రెట్లకు పైగా జూమ్ వస్తుంది. లెన్స్ మార్చుకునే మిర్రర్‌లెస్ కెమెరా బాడీ, దానికి పొడవాటి లెన్స్ కొనాలంటే చాలా ఖర్చవుతుంది, అంత పెట్టే స్తోమత అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. నాలుగేళ్లలో దీన్ని దాదాపు ప్రతి ఆదివారం వాడాను. అందుకే కొత్తగా కొనేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే నేను చెప్పే మంచీ చెడూ ఈ రకం కెమెరాల్లో చాలావాటికి ఒకేలా ఉంటాయి.

ముందు దీని బలం. నాకు అది బాగా అర్థమైంది గుంటూరు పక్కన, పెదకాకాని మండలం ఉప్పలపాడులో. ఊరిని ఆనుకునే చెరువు, అందులో తుమ్మచెట్లు, వాటి నిండా గూడబాతులు (పెలికన్లు), పెయింటెడ్ స్టార్క్ కొంగలు. చలికాలంలో కొమ్మ కనిపించనంతగా గూళ్లు పెడతాయి. మొదటిసారి వెళ్లినప్పుడు ఇంకా దగ్గరగా తీయాలన్న ఆశతో గట్టు దిగబోయాను. అక్కడ గేదెల్ని తోలుకొస్తున్న ఒకావిడ ఆపింది. ‘దగ్గరికి పోమాకయ్యా, గూళ్లలో పిల్లలున్నాయి’ అంది. వెనక్కి వచ్చి గట్టు మీదే కూర్చుని జూమ్ పూర్తిగా లాగాను. గూడబాతు పైముక్కు అంచు పొడవునా వరసగా ఉన్న మచ్చలు కనిపించాయి. ఇంగ్లిష్‌లో దాని పేరులోనే ‘మచ్చల ముక్కు’ ఉంది కానీ, ఆ మచ్చల్ని కళ్లారా చూడటం అదే మొదటిసారి. పిల్ల తన తల మొత్తాన్ని తల్లి ముక్కు కింది సంచిలోకి దూర్చి చేపలు తినడం కూడా అక్కడి నుంచే చూశాను. మనిషి దగ్గరికి వెళితే పెద్ద పక్షులు లేస్తాయి. అవి లేచిన ఆ కాసేపట్లో పిల్లలు ఎండకు మాడతాయి, కాకులు వాలతాయి. గట్టు మీద నుంచి అంత స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు దిగాల్సిన అవసరమే లేదు. ఈ కెమెరాకు నేను పెట్టిన డబ్బుకు ఆ ఒక్క ఉదయం సరిపోయింది.

ఇక బలహీనత వెలుతురు. లోపల వెలుతురును పట్టి ఫొటోగా మార్చే సెన్సార్ వెడల్పు 6 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. ఖరీదైన ఫుల్ ఫ్రేమ్ కెమెరాల్లో అది 36 మిల్లీమీటర్లు. విస్తీర్ణంలో చూస్తే నాది దాదాపు ముప్పయ్యో వంతు. పైగా జూమ్ పూర్తిగా లాగినప్పుడు లెన్స్‌లోంచి వచ్చే వెలుతురు ఇంకా తగ్గిపోతుంది. తెల్లవారుజామున, మబ్బు పట్టినప్పుడు, చెట్ల నీడలో తీస్తే ఈకలన్నీ కలిసిపోయి నీళ్లరంగులు పూసినట్టు వస్తాయి. వెలుతురు చాలనప్పుడు ఫొటోను ఎంత ప్రకాశవంతం చేయాలో చెప్పే అంకె ఐఎస్ఓ, దాన్ని 400 దాటనివ్వను. మరీ తప్పనిసరైతే 800. ఆ పైన తీసిన ఫొటో పక్షి పేరు గుర్తుపట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

దీనివల్ల భవానీ ద్వీపంలో ఒక చిక్కు ఉంది. ద్వీపం 133 ఎకరాలు, చుట్టూ కృష్ణమ్మ, చెట్లు బాగా ఉన్నాయి. కానీ బోటు ఎక్కి అక్కడ దిగేసరికి ఎప్పుడూ పొద్దెక్కే ఉంటుంది. మెత్తటి వెలుగు అప్పటికే పోతుంది. పది దాటాక నీటి మీద నుంచి వేడిగాలి లేస్తుంది. వంద మీటర్ల అవతల రాయి మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకిని తీస్తే, ఎండమావిలోంచి చూసినట్టు అలలు అలలుగా వస్తుంది. మొదట్లో ఫోకస్ చెడిపోయిందేమోనని టెన్షన్ పడ్డాను. కెమెరా తప్పు కాదు, మధ్యలో ఉన్న గాలిది. ఎంత ఖరీదైన లెన్స్ అయినా ఆ గాలిలోంచే చూడాలి. అప్పటి నుంచి ద్వీపంలో దూరపు పక్షుల జోలికి పోవడం మానేసి, ఇరవై ముప్పై అడుగుల్లో ఉన్నవాటినే తీస్తున్నాను. తేనెపిట్ట, పొదలో దూరే జెముడు కాకి, చెట్టు మొదట్లో తొండ. లకుముకి పిట్ట చేపలే తింటుందనుకునేవాణ్ని. అక్కడ అది మిడతను పట్టుకొచ్చి కొమ్మకేసి కొట్టి మింగడం చూశాను. నీటికి దూరంగా పొలాల్లో, తోటల్లో అది బతికేది ఇలాగే.

ఎగిరే పక్షుల కోసమైతే ఇది కొనకండి. పాలపిట్ట రెక్క విప్పినప్పుడు కనిపించే ఆ నీలం కోసం నాలుగేళ్లుగా ప్రయత్నిస్తున్నాను, సరిగ్గా వచ్చినవి మూడే మూడు. ఆటోఫోకస్ ముందుకూ వెనక్కూ వెతుక్కునే లోపు పిట్ట ఫ్రేమ్ దాటిపోతుంది. సన్నకొమ్మల మధ్య కూర్చున్న పిట్టకూ ఇదే ఇబ్బంది, ముందున్న ఆకును పట్టుకుని వదలదు. ఫోకస్ చతురస్రాన్ని అన్నిటికన్నా చిన్న సైజులో పెట్టుకుంటే కొంత నయం.

వీడియో మాత్రం నేను అనుకున్నదానికన్నా చాలా బాగుంది. రెండేళ్ల కిందట వానలు మొదలయ్యాక, తాడేపల్లి వైపు పొలాల్లో ఒక ఈతచెట్టుకు గిజిగాళ్లు గూళ్లు కడుతుంటే రెండు ఉదయాలు స్టాండ్ మీద పెట్టి తీశాను. గూడు అల్లేది మగ పిట్ట. సగం అల్లి, గూటికి వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టను పిలుస్తుంది. ఆమె వచ్చి లోపలికి దూరి చూస్తుంది. ఆమెకు నచ్చితేనే మగ పిట్ట మిగతా సగం, ఆ పొడవాటి గొట్టం, అల్లుతుంది. నేను చూసిన ఒక మగపిట్ట గూటికి ఇద్దరు వచ్చి చూసి వెళ్లిపోయారు. మూడోది లోపలే ఉండిపోయింది. ఆ వీడియో చూసి మా అమ్మ ‘పాపం, ఎన్ని గడ్డిపోచలు మోసుకొచ్చిందిరా’ అంటూ మళ్లీ మళ్లీ పెట్టించుకుంది.

బ్యాటరీ మూడు వందల ఫొటోల లోపే అయిపోతుంది, రెండోది కొనుక్కోక తప్పదు. ఫోనుకు ఫొటోలు పంపే యాప్ నెమ్మది. నేను కార్డు తీసి నేరుగా కంప్యూటర్‌లో పెడతాను.

2024 సెప్టెంబరు వరదను చెప్పకుండా ఉండలేను. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలిన ఆ రోజుల్లో ద్వీపం నీట మునిగింది. మళ్లీ బోట్లు తిరగడం మొదలయ్యాక వెళితే, తల ఎత్తి చూడాల్సినంత పైన కొమ్మల్లో గడ్డి, గుడ్డపీలికలు, ప్లాస్టిక్ చిక్కుకుని ఉన్నాయి. ఆ రోజు పక్షుల్ని తీయలేదు. ఆ కొమ్మల్నే తీశాను, ఏ చెట్టు దగ్గర నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో గుర్తుంటుందని. నెల తర్వాత అదే కొమ్మ మీద లకుముకి పిట్ట కూర్చున్న ఫొటో కూడా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి దాచుకున్నాను.

ఆ రాకపోకల్లోనే ఇసుకరేణువులు జూమ్ గొట్టంలోకి పోయి అది సగంలో ఆగిపోయింది. రిపేరుకు ఇస్తే మూడు వారాలు పట్టింది, ఆరు వేలు అయింది. తప్పు నాదే. జూమ్ బయటికి ఉండగానే ఇసుక తిన్నె మీద మోకాళ్ల మీద కూర్చుని తీశాను. గాలి వీస్తున్నప్పుడు జూమ్ లోపలికి లాగి ఉంచండి. మన ఊరి తేమకు లెన్స్‌లో ఫంగస్ పడుతుంది కాబట్టి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచుతున్నాను. ఇప్పటికి లెన్స్ శుభ్రంగా ఉంది.

ఎవరు కొనాలంటే, పక్షుల్ని చూడటం కొత్తగా మొదలుపెట్టినవాళ్లు, ఏ పిట్ట ఏమిటో ఇంటికొచ్చి తీరిగ్గా తెలుసుకోవాలనుకునేవాళ్లు, ఒక్క సంచితో బస్సెక్కి వెళ్లేవాళ్లు. గోడకు తగిలించేంత పెద్ద ప్రింట్లు కావాలంటే ఇంకొన్నాళ్లు డబ్బు కూడబెట్టుకోండి. నేనైతే ఇప్పుడు మళ్లీ కొనాల్సి వచ్చినా ఇదే రకం కొంటాను, మిగిలిన డబ్బుతో ఒక మంచి బైనాక్యులర్ తీసుకుంటాను. ఆ నలుపు తెలుపు పిట్ట నీళ్లలోకి దూకే క్షణం నాకింకా దొరకలేదు. ఈ ఆదివారం కూడా ఆరింటికే ఘాట్ దగ్గర ఉంటాను.