మినీ ట్రాక్టర్‌కి ఏం తగిలించాలి, ఏం వద్దు: ఐదేళ్లు నడిపాక నా మాట

మాది రాజాం దగ్గర పల్లె. మడ్డువలస కాలువ కింద కొంత పల్లం, పైన గరువులో (మెట్ట నేలలో) పత్తి, మొక్కజొన్న మార్చి మార్చి వేసే చేను, దాని పక్కన చిన్న మామిడి తోట. మళ్లు చిన్నవి, గట్లు ఎక్కువ. పెద్ద ట్రాక్టర్ ఒక మడిలో తిరిగేలోపే గట్టు అడ్డం వచ్చేస్తుంది. అందుకే 2020లో 24 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ మినీ కొన్నాను. మీటరు ఇప్పుడు రెండు వేల గంటలకు దగ్గర పడింది. ఏ కంపెనీదో రాయడం లేదు, ఎందుకంటే ఈ సమీక్ష ట్రాక్టర్ మీద కాదు, దాని వెనక తగిలించే వాటి మీద. జివో 245, కుబోటా బి2441 రెండూ 24 హెచ్‌పీవే, జాన్ డీర్ 3028ఈఎన్ 28 హెచ్‌పీ. ఈ తరగతిలో ఏది కొన్నా పనిముట్ల దగ్గరికి వచ్చేసరికి లెక్క దాదాపు ఒకటే.

ఆ లెక్కలో మొదటిది, ఇంజిన్ హెచ్‌పీ చూసి పనిముట్టు కొనకూడదు. తిరిగే బ్లేళ్లతో మట్టిని గుల్ల చేసే రోటావేటర్‌ని, మందు కొట్టే స్ప్రేయర్‌ని తిప్పేది పీటీఓ, అంటే ఇంజిన్ శక్తిని బండి వెనక్కి అందించే షాఫ్ట్. ఇంజిన్ శక్తి అంతా అక్కడికి రాదు, కొంత గేర్లలోనే పోతుంది. రెండోది లిఫ్ట్, అంటే వెనక పనిముట్టుని పైకెత్తే ఏర్పాటు. కాగితం మీద 750 కిలోలు అని ఉంటే అది కింది లింకుల (పనిముట్టుని పట్టుకునే రెండు ఇనప చేతుల) కొనల దగ్గర కొలిచిన బరువు. మనం తగిలించే వస్తువు బరువు ఆ కొనల దగ్గర ఉండదు, ఇంకా వెనక్కి ఉంటుంది. వెనక్కి జరిగే కొద్దీ మోయగలిగేది తగ్గుతుంది. మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, బండి సొంత బరువు. వెనక ఎక్కువ మోస్తే ముందు చక్రాలు తేలిపోతాయి. తేలిన చక్రంతో స్టీరింగ్ తిరగదు.

రోటావేటర్ దగ్గర నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువ డబ్బు దానికే పోతుంది. షోరూంలో ఐదడుగులది తీసుకోమని గట్టిగా చెప్పారు. "త్వరగా అయిపోద్ది కదా" అన్నది వాళ్ల మాట. మా ఊరి వెల్డింగ్ మేస్త్రి మాత్రం ఒకటే అడిగాడు: "బాబూ, వెనక టైర్ల బయటి అంచు నుంచి అంచుకి ఎంతుందో కొలిచేవా?" కొలిస్తే నాలుగడుగులకు కాస్త తక్కువ ఉంది. టైరు తొక్కిన చోటంతా రోటావేటర్ కిందికి వస్తే చాలు, అంతకు మించి వెడల్పు దండగ. నాలుగడుగులదే తీసుకున్నాను. ఐదడుగులది తీసుకున్న పక్కూరి వాళ్ల మినీలు తడి నేలలో బాగానే నడుస్తాయి. వాన వెనకబట్టి గరువు గట్టిపడినప్పుడు మాత్రం ఇంజిన్ మొర్రో అంటుంది. అప్పుడు లోతు తగ్గించుకుని రెండోసారి తోలుతారు. వెడల్పులో మిగిలిన సమయం అక్కడే పోతుంది.

చైన్ డ్రైవ్, గేర్ డ్రైవ్ అని రెండు రకాలు వస్తాయి. గేర్‌ది ఖరీదు ఎక్కువ. దమ్ము పని (వరి మడిలో నీళ్లు పెట్టి బురద కలపడం) ఎక్కువ ఉన్నవాళ్లకు నేను గేర్‌దే చెబుతాను. చైన్‌దైతే పక్క పెట్టెలోకి బురద నీళ్లు దిగాయా అని సీజన్ పొడుగునా చూస్తూ ఉండాలి. బ్లేళ్లలో ఎల్ ఆకారానివి మా మెట్టకీ, వరి కోసిన మళ్లకీ సరిపోయాయి. గరువులో రాయి తగిలే చోట అవి ఎంత తొందరగా అరుగుతాయో చెప్పలేను, పల్లంలో అరిగేదానికి పోలికే లేదు. కొత్త బ్లేళ్లు వేయించిన రోజు సాయంత్రమే బోల్టులన్నీ మళ్లీ బిగించండి. ఒకటి వదులైతే పక్కవి కూడా తీసుకుని పోతుంది.

ఇంకొక మాట. ఏటా అదే లోతులో రోటావేటర్ తోలితే కింద గట్టి పొర కడుతుంది. వరికి అది మేలే, నీళ్లు నిలుస్తాయి. అదే మడిలో వరి తరవాత మొక్కజొన్న వేసేవాళ్లకు మాత్రం వేరు దిగదు. అందుకే ఐదు చెక్కల (నేలను చీల్చే ఇనప కాళ్ల) స్ప్రింగ్ కల్టివేటర్ కూడా ఉండాలి. ధర తక్కువ, మరమ్మతు దాదాపు ఉండదు. వేసవి దుక్కికి నేను దాన్నే దించుతాను.

దమ్ముకి వస్తే, ఉభాల (వరి నాట్ల) సమయంలో ట్రాక్టర్ విలువ తేలేది ఇక్కడే. వెనక టైర్లు విప్పేసి పూర్తి ఇనప చక్రాలు వేసేవాళ్లున్నారు. మినీకి నేను సగం చక్రాలే మంచివంటాను, అంటే టైరు అలాగే ఉంచి పక్కన బిగించే కేజ్ వీల్స్. వాటి వ్యాసం టైరు కంటే కాస్త తక్కువ ఉండేలా చేయించాలి. నేల గట్టిగా ఉన్న చోట టైరు నడుపుతుంది, దిగబడిన చోట ఇనప చక్రం పట్టుకుంటుంది. ఏ రకమైనా సరే, వాటితో తారు రోడ్డు ఎక్కకండి. రోడ్డు పాడవుతుంది, పట్టుకుంటే జరిమానా కూడా. మళ్ల దగ్గరికి ట్రాలీలో వేసుకెళ్లి అక్కడే బిగించుకోవడం మేలు. దమ్ము పని అయిపోగానే గేర్ ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడండి. పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్లు దిగినట్టే, ఇక ఆలోచించకుండా ఆయిల్ మార్పించాలి.

బరువు సంగతి. అప్‌గ్రేడ్ అనగానే అందరూ లైట్లు, టాప్, సీటు అంటారు. నా అనుభవంలో అతి చవకైన, అతి పనికొచ్చిన అప్‌గ్రేడ్ వెనక టైర్లలో నీళ్లు. వాల్వు పైకి వచ్చేలా చక్రం తిప్పి, వాల్వు మట్టం దాకా నింపితే ముప్పాతిక వంతు నిండుతుంది, మిగతాది గాలి. దీనికి వేరే వాల్వు, అడాప్టర్ కావాలి, పెద్ద టైర్ల షాపులో దొరుకుతాయి. గరువు దున్నేటప్పుడు, లోడు లాగేటప్పుడు చక్రం జారడం బాగా తగ్గింది. అదే బరువు దమ్ములో శత్రువు, బండి ఇంకా దిగబడుతుంది. కాబట్టి నేను ఉభాలకు ముందు నీళ్లు తీసేసి, కోతలయ్యాక మళ్లీ నింపుతాను. ఇంత శ్రమ ఎందుకని చాలామంది అడిగారు. చక్రం జారిన ప్రతి గంటా డీజిల్ బూడిదే కదా.

ముందు బంపర్‌కి తగిలించే ఇనప బరువులు కూడా తీసుకున్నాను. అవి స్ప్రేయర్ కోసం.

స్ప్రేయర్ గురించి కాస్త ఎక్కువే రాయాలి, డబ్బు తిరిగిచ్చిన పనిముట్టు అదొక్కటే. మామిడికి పూత మీద తేనెమంచు పురుగు వస్తే రెండు మూడు రోజుల్లో మందు పడాలి. అప్పుడు కూలీలు దొరకరు, దొరికినా చేతి పంపుతో కొమ్మ చివరికి అందదు. నేను పీటీఓతో తిరిగే హెచ్‌టీపీ పంపు (మందుని గట్టి ఒత్తిడితో తోసేది), 300 లీటర్ల ట్యాంకు, రెండు గన్నులు పెట్టించాను. 500 లీటర్ల ట్యాంకు పెట్టమన్నవాళ్లున్నారు. నీళ్లే 500 కిలోలు, పైన పంపు, ఫ్రేము. అంత బరువు లింకుల కొనలకు చాలా వెనక వేలాడుతుంటే గట్టు దాటేటప్పుడు ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. 300 లీటర్లకే ముందు బరువులు లేకుండా నేను కదలను.

మా అత్తవారిది ఉద్దానం, కవిటి వైపు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. తరవాత నాటిన జీడి మొక్కలు ఇప్పుడు కాపుకొచ్చాయి. లేత చిగురు, పూత మీద టీ దోమ అనే పురుగు పడితే కొమ్మలు కొమ్మలే మాడిపోతాయి. ఆ సీజన్‌లో బండిని అక్కడికి తీసుకెళ్లి మావయ్య వాళ్ల తోటతో పాటు చుట్టుపక్కల వాళ్లవీ కొడతాను. జీడి కొమ్మలు కిందికే ఉంటాయి, పెద్ద ట్రాక్టర్ ఆ సందుల్లో దూరదు. మినీ కూడా టాప్ విప్పితేనే దూరుతుంది. కాబట్టి తోటలున్నవాళ్లు టాప్ కొనేటప్పుడు నాలుగు బోల్టులతో ఊడొచ్చేది చూసుకోండి, వెల్డింగ్ చేసింది వద్దు.

పత్తిలో అంతరకృషికి (సాళ్ల మధ్య దున్ని కలుపు తీయడానికి) మినీ బాగా పనికొస్తుందని అందరూ చెబుతారు. నిజమే, కానీ విత్తనం పెట్టకముందే ఆలోచించుకోవాలి. వెనక రెండు టైర్ల మధ్య గీత నుంచి మధ్య గీతకు ఎంత దూరమో కొలవండి. నా బండికి రిమ్ముల్ని తిరగేసి బిగిస్తే 90 సెంటీమీటర్లకు వస్తుంది. పత్తి సాలు 90 పెట్టాను కాబట్టి ఒక సాలుని కడుపు కింద పెట్టుకుని రెండు పక్కలా కల్టివేటర్ చెక్కలు నడుస్తాయి. అదే మొక్కజొన్నకు 60 సెంటీమీటర్ల సాలు పెడితే 90 ట్రాక్‌తో టైరు ఏదో ఒక సాలు మీదకెక్కుతుంది. మొక్క మోకాలెత్తు దాటాక ఎలాగూ లోపలికి దిగకూడదు, బండి కింద అంత ఖాళీ ఉండదు. అంచేత మొక్కజొన్నలో దీని పని తొలి రోజుల్లోనే, అదీ సాళ్లు కుదిరితేనే.

టైర్ల విషయంలో ఒక హెచ్చరిక. మా బావ ఒకడు తన ఫోర్ వీల్ మినీకి వెనక పెద్ద సైజు టైర్లు వేయించాడు, చూపుకి బాగుంటుందని. ఫోర్ వీల్ బళ్లలో ముందు చక్రం వెనక చక్రం కంటే పిసరంత వేగంగా తిరిగేలా గేర్లు పెడతారు. ఒక్క వైపే సైజు మారిస్తే ఆ లెక్క తప్పి ముందు యాక్సిల్ మీద ఒత్తిడి పడుతుంది. వాడి ముందు గేర్లు శబ్దం చేయడం మొదలెట్టాక మళ్లీ పాత సైజుకే వచ్చాడు. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ లివరు తీసేయడం కూడా ఇందుకే. వేసే ఉంచితే ముందు టైర్లు చూస్తుండగానే గుండు అయిపోతాయి.

ట్రాలీ అందరికీ కావాలి, దాని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఒకటిన్నర టన్నుది, హైడ్రాలిక్ టిప్పర్ ఉన్నది తీసుకోండి. పెంట తోలేటప్పుడు నడుం మిగులుతుంది. అయితే దానికి బండి వెనక అదనపు హైడ్రాలిక్ వాల్వు ఉండాలి. కొన్ని మోడళ్లకు కంపెనీ నుంచే వస్తుంది, లేకపోతే తరవాత పెట్టించాలి. బండి కొనేటప్పుడే అడిగి పెట్టించుకుంటే బేరం కుదురుతుంది. లోడు ఇరుసుకి కాస్త ముందు పడేలా సర్దాలి. వెనక్కి పడితే ట్రాలీ ముక్కు లేచి బండి వెనక చక్రాల పట్టు పోతుంది, చెరువు గట్టు ఎక్కేటప్పుడు అది చాలా ప్రమాదం. వెనక రేడియం స్టిక్కర్లు మరిచిపోకండి.

గుంతలు తీసే ఆగర్ కొనకండి, అద్దెకు తెచ్చుకోండి. కంచె స్తంభాలకు, టేకు మొక్కలకు బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ అలాంటి పని ఎన్నేళ్లకోసారి వస్తుంది? కొబ్బరికి మీటరు పొడుగు, మీటరు వెడల్పు, మీటరు లోతు గుంత కావాలి, దానికి ఇది చాలదు. బంకనేల తడిగా ఉన్నప్పుడు తవ్వితే గుంత గోడలు నున్నగా పాలిష్ పట్టినట్టు అవుతాయి, వేరు పక్కకి పోదు. గునపంతో గోడల్ని గీరి అప్పుడు మొక్క పెట్టాలి.

ఎల్‌ఈడీ లైట్లు రెండు చాలు, రిలే పెట్టించి వేయండి. మినీ ఆల్టర్నేటర్ మీద ఎనిమిది లైట్లు వేలాడదీసి పొద్దున్నే బ్యాటరీ దిగిందని మెకానిక్‌ని పిలిచేవాళ్లని చూస్తూనే ఉన్నాను.

పీటీఓ షాఫ్ట్ దగ్గర మాత్రం పొదుపు వద్దు. ప్రతి పనిముట్టుకీ షాఫ్ట్ పొడవు వేరు. పనిముట్టుని పైకీ కిందికీ లేపి చూసి, ఏ స్థితిలోనూ లోపలి గొట్టం చివరికి గుద్దుకోకుండా, బయటికి ఊడిపోకుండా ఉండేలా కోయించాలి. ప్లాస్టిక్ గార్డు విరిగితే ఆ రోజే మార్చండి. నిమిషానికి 540 సార్లు తిరిగే షాఫ్ట్‌కి పంచె కొసో, తువ్వాలో చిక్కితే లాక్కునే సమయం ఉండదు. నా బండి దగ్గర లుంగీతో ఎవరినీ పీటీఓ వైపు రానివ్వను. మావయ్య వచ్చినా అంతే. ఆయన కోపం చేసుకుంటారు, ఫర్వాలేదు.

డబ్బు సంగతికి వస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, ట్రాక్టర్ టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత రేటుతో కొటేషన్ ఇస్తే ఒప్పుకోకండి. కేంద్రం యాంత్రీకరణ పథకం కింద పనిముట్లకు 40 నుంచి 50 శాతం రాయితీ ఉంటుంది, సన్న చిన్నకారు రైతులకు, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఎక్కువ వైపు. నిధులు వచ్చినప్పుడే ఇస్తారు కాబట్టి రైతు సేవా కేంద్రంలో ముందే అడిగి పెట్టుకోవాలి. రాయితీలో ఇచ్చే సైజు మన బండికి సరిపోకపోతే మాత్రం తీసుకోవద్దు.

గడ్డి కట్టలు కట్టే బేలర్ గురించి ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు, మిషన్ కోతలయ్యాక గడ్డి చెల్లాచెదురుగా పడిపోతోంది కాబట్టి. పెద్ద బేలర్‌కి 24 హెచ్‌పీ చాలదు. మా వైపు పెద్ద ట్రాక్టర్‌తో బేలర్ తెచ్చి కట్టకింతని తీసుకునేవాళ్లున్నారు, నేనూ వాళ్లనే పిలుస్తున్నాను. ఇక ముందు తగిలించే లోడర్. వీడియోల్లో చూసి మా అబ్బాయి అడుగుతున్నాడు. మినీ ముందు యాక్సిల్ అంత బరువు కోసం చేసింది కాదని చెప్పాను. పెంటకుప్ప ఎత్తడానికి ఏడాదికొక పూట జేసీబీ చాలు.