బలమైన టెరాహెర్ట్జ్ పల్స్‌కి ఏది మేలు: లిథియం నయోబేటా, ఆర్గానిక్ క్రిస్టలా, గాలి ప్లాస్మానా?

కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసి పీహెచ్‌డీకి వెళ్తున్నవాళ్లు, నిట్‌లో లేజర్ల మీద పనిచేసే పిల్లలు తరచూ అడిగే మాట ఇది: "సర్, స్ట్రాంగ్ టెరాహెర్ట్జ్ కావాలంటే దేనితో మొదలుపెట్టాలి?" టెరాహెర్ట్జ్ అంటే మైక్రోవేవ్‌కీ ఇన్‌ఫ్రారెడ్‌కీ మధ్య ఉండే తరంగాలు; లేజర్ పల్స్‌ని క్రిస్టల్‌లోకో గాలిలోకో పంపి వాటిని పుట్టిస్తాం. ఈ మధ్య మా బల్ల మీదికి నేనూ ఒకటి తేల్చుకోవాల్సి వచ్చింది. లిథియం నయోబేట్ తీసుకున్నాను.

అందరూ గరిష్ఠ ఫీల్డ్ (పల్స్‌లోని విద్యుత్ క్షేత్రం) ఎంత అని చూస్తారు. నేను చూసేది పొద్దున వచ్చిన ఫీల్డే సాయంత్రం కూడా వస్తుందా అని. కెర్ ఎఫెక్ట్ (ఫీల్డ్ తగిలితే పదార్థం వక్రీభవనం మారడం) లాంటివి ఫీల్డ్ వర్గాన్ని బట్టి పెరుగుతాయి. ఫీల్డ్ 5 శాతం ఊగితే సిగ్నల్ దాదాపు 10 శాతం ఊగుతుంది. గంటల తరబడి నడిచే స్కాన్‌లో అసలు విషయం ఆ ఊపులోనే మునిగిపోతుంది. మే నెలలో హనుమకొండ ఎండకు ఏసీ ఆగుతూ నడుస్తూ ఉంటే లేజర్ బీమ్ ఎలా జరుగుతుందో చూసినవాళ్లకు ఈ బాధ తెలుసు.

లిథియం నయోబేట్‌లో చిక్కు లేకపోలేదు. లేజర్ పల్స్‌కి గ్రూప్ ఇండెక్స్ (క్రిస్టల్‌లో పల్స్ ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే అంకె) సుమారు 2.2, టెరాహెర్ట్జ్‌కి ఇండెక్స్ సుమారు 5. అంటే లేజర్ ముందు పోతుంది, అది పుట్టించిన అల వెనకబడుతుంది. లక్నవరంలో మోటార్ బోటు వెనక అలలు రెండు పక్కలకు విడిపోయినట్టే, ఇక్కడ టెరాహెర్ట్జ్ పక్కకు జారిపోతుంది. 2002లో హెబ్లింగ్ బృందం దీనికి దారి చూపింది: గ్రేటింగ్‌తో (సన్నని గీతలున్న పలకతో) పల్స్ ముఖాన్ని 63 డిగ్రీల దాకా వంచితే, ఆ ముఖమూ టెరాహెర్ట్జ్ అలా ఒకే వేగంతో పక్కపక్కనే కదులుతాయి. 2011లో క్యోటో బృందం ఈ పద్ధతిలోనే సెంటీమీటరుకు 10 లక్షల వోల్టులు దాటింది. అలైన్‌మెంట్‌కి మాకు వారాలు పట్టింది, ఓపిక పరీక్షించింది. కుదిరాక మాత్రం మళ్లీ ముట్టుకునే పని పెద్దగా పడలేదు. 800 నానోమీటర్ల లేజరైనా, 1030 లేజరైనా నేరుగా సరిపోతుంది.

డీఎస్‌టీఎంఎస్, ఓహెచ్1 లాంటి ఆర్గానిక్ క్రిస్టల్స్ ఇంకా పెద్ద ఫీల్డ్ ఇస్తాయి, అమరిక కూడా తేలిక. కానీ వాటికి 1200 నుంచి 1500 నానోమీటర్ల పంప్ (క్రిస్టల్‌లోకి పంపే లేజర్) కావాలి. అంటే మధ్యలో లేజర్ తరంగదైర్ఘ్యాన్ని మార్చే ఓపీఏ పెట్టాలి, దాని ఊపు కూడా మన నెత్తినే. పైగా వేడికి తొందరగా కాలిపోతాయి. అయినా మీ శాంపిల్ ఫోనాన్ (లోపలి పరమాణువుల కంపనం) 3, 4 టెరాహెర్ట్జ్ దగ్గర ఉంటే ఇంకో ఆలోచన వద్దు, ఇదే తీసుకోండి. లిథియం నయోబేట్ బలమంతా 2 టెరాహెర్ట్జ్ లోపే.

గాలి ప్లాస్మా అంటే రెండు రంగుల లేజర్‌ని గాలిలో ఒకే బిందువుకి ఫోకస్ చేయడం; అందులో కాలిపోయే క్రిస్టలే లేదు, బ్యాండ్ 10 టెరాహెర్ట్జ్ దాటుతుంది. అయితే ఆ రెండు రంగుల (800, 400 నానోమీటర్లు) మధ్య ఫేజ్ కాస్త కదిలినా సిగ్నల్ మారిపోతుంది. నా లెక్కలో అది పెద్ద లోపం.

స్పిన్‌ట్రానిక్ ఎమిటర్లు, ఫోటోకండక్టివ్ యాంటెనాలు అనే ఇంకో రకం టెరాహెర్ట్జ్ సోర్సులు మామూలు స్పెక్ట్రోస్కోపీకి చక్కగా పనికొస్తాయి. డ్రెస్డెన్‌లోని టెల్బే లాంటి యాక్సిలరేటర్లకు బీమ్‌టైమ్ అప్లికేషన్ పెట్టుకోవాలి.

ఏది కొన్నా పొడి నైట్రోజన్ నింపే పెట్టె మాత్రం తప్పదు. 0.557 టెరాహెర్ట్జ్ దగ్గర నీటి ఆవిరి గీత బలంగా ఉంటుంది, మన వానాకాలపు గాలిలో అది సిగ్నల్‌ని మింగేస్తుంది.

క్రిస్టల్‌కి ఆర్డర్ పెట్టేముందు మీ లేజర్‌ని ఎనిమిది గంటలు పవర్ మీటర్ మీద వదిలి, ఆ గ్రాఫ్ నాకు పంపండి. అది చూశాక మాట్లాడుకుందాం.