ఆర్డర్ మెయిల్‌కు ఏ టెంప్లేట్ మేలు? వెలాసిటీ, ఫ్రీమార్కర్, థైమ్‌లీఫ్

హన్మకొండలో మేం నలుగురం కూర్చునే చిన్న ఆఫీసుకు ఈ పని వరంగల్ కొత్తవాడ నుంచి వచ్చింది. దర్రీలు (నేల మీద పరిచే నేత జంపఖానాలు) నేయించి ఆన్‌లైన్‌లో అమ్మే ఒక సేటు. "మనది 2018లో, ఈ ఊరి సరుకని, జీఐ గుర్తింపు తెచ్చుకున్నది తమ్మీ. మెయిల్ చూస్తే కరెంటు బిల్లు లెక్కున్నది. ఫొటో పెట్టి, రంగు పెట్టి, తెలుగుల పంపియ్యరాదు?" అన్నాడు. అప్లికేషన్ జావాలో, స్ప్రింగ్ బూట్ అనే ఫ్రేమ్‌వర్క్ మీద నడుస్తోంది. మెయిల్ పంపడానికి జకార్తా మెయిల్ (పాత పేరు జావా మెయిల్) అనే లైబ్రరీ ఎలాగూ ఉంది. తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఫొటోలు, రంగులు ఉండే ఆ హెచ్‌టీఎమ్‌ఎల్‌ను దేనితో తయారుచేయాలి? వెలాసిటీ, ఫ్రీమార్కర్, థైమ్‌లీఫ్ అనేవి జావా టెంప్లేట్ ఇంజిన్లు: ముందే రాసిపెట్టిన నమూనాలో (టెంప్లేట్‌లో) పేరు, మొత్తం లాంటివి నింపి ఇస్తాయి.

అప్పటిదాకా ఉన్నది స్ట్రింగ్‌బిల్డర్, అంటే ముక్కలు అతికిస్తూ (అపెండ్ చేస్తూ) టెక్స్ట్ పేర్చే జావా పద్ధతి. ఒక అపెండ్ కింద ఇంకో అపెండ్, నాలుగు వందల లైన్ల దండ. జావా 15లో టెక్స్ట్ బ్లాకులు (పలు లైన్ల టెక్స్ట్‌ను ఒకేసారి రాసే వసతి) వచ్చాక ఈ పద్ధతి చూపుకు కొంచెం సాఫైంది కానీ అసలు రోగం పోలేదు. కొన్నవాళ్లు టైప్ చేసింది ఉన్నదున్నట్టు హెచ్‌టీఎమ్‌ఎల్‌లోకి పోతుంది. ఒకామె ఆర్డర్ నోట్‌లో యాంగిల్ బ్రాకెట్ల మధ్య ఇంగ్లీషులో 'అర్జెంట్' అని రాసింది. మెయిల్ దాన్ని ఏదో ట్యాగ్ అనుకుని మింగేసింది. ప్యాకింగ్ చేసే అబ్బాయి చూసే కాపీలోనూ ఆ మాట లేదు. దర్రీ తాపీగా వెళ్లింది. ఆమె రాసింది మంచి మాట కాబట్టి సరిపోయింది, ఇంకొకరు అక్కడ దొంగ లింకు పెడితే అది మన పేరు మీదే పోయేది. ఒక్క లైను ఓటీపీ మెయిల్‌కైతే స్ట్రింగ్ చాలు, టెంప్లేట్ అక్కర్లేదు. అంతకు మించితే వద్దు.

జేఎస్పీ (జావాలో వెబ్ పేజీలు తయారుచేసే పాత పద్ధతి) వచ్చు కదా, దాంతోనే కానిద్దామా అన్నాడు మా జూనియర్. అమీర్‌పేటలో నేర్చుకున్నది చేతిలో ఉంటే అలాగే అనిపిస్తుంది. కానీ జేఎస్పీకి సర్వ్‌లెట్ కంటైనర్ (ఆ పేజీలను నడిపే సర్వర్) కావాలి, బ్రౌజర్ నుంచి వచ్చే రిక్వెస్ట్ కావాలి. రాత్రి రెండింటికి, టైము ప్రకారం పనులు నడిపే షెడ్యూలర్ లేచి 'మీ పేమెంట్ పెండింగ్' అని మెయిల్ పంపాలంటే ఆ టైముకు రిక్వెస్ట్ ఎక్కడిది? దొంగ రిక్వెస్ట్ పుట్టించి, రెస్పాన్స్‌ను మధ్యలో పట్టుకుని స్ట్రింగ్ చేసేవాళ్లూ ఉన్నారు. అంత కష్టం మనకెందుకు?

మిగిలినవి మూడు. ఏది ఫాస్ట్ అన్న లెక్కలు చాలా దొరుకుతాయి, నేను వాటిని పట్టించుకోలేదు. టెంప్లేట్ నింపడానికి పట్టే టైమ్ మెయిల్‌ను బయటికి పంపే ఎస్ఎమ్‌టీపీ సర్వర్‌తో మాట్లాడే టైమ్ ముందు లెక్కలోకే రాదు. నేను పెట్టిన పరీక్ష వేరు: గెస్ట్‌గా కొన్నవాళ్లకు డేటాబేస్‌లో పేరు ఉండదు. పేరు లేనప్పుడు 'నమస్కారం ఫలానా గారూ' అన్న లైన్ ఏమవుతుంది?

వెలాసిటీ డాలర్ గుర్తుతో సహా వేరియబుల్ పేరునే అచ్చేసింది. అంటే కొన్న మనిషికి 'నమస్కారం డాలర్ కస్టమర్‌నేమ్ గారూ' అని పోతుంది. డాలర్ పక్కన ఆశ్చర్యార్థకం పెడితే ఖాళీగా వదిలేస్తుంది, కానీ ప్రతిచోటా గుర్తుపెట్టుకుని పెట్టాలి. థైమ్‌లీఫ్ కిక్కురుమనకుండా ఖాళీ వదిలింది: 'నమస్కారం గారూ'. చూడ్డానికి మర్యాదగానే ఉంది, తప్పు జరిగిందని మాత్రం ఎవరికీ తెలియదు. ఫ్రీమార్కర్ ఎర్రర్ కొట్టి ఆగిపోయింది. మెయిలే పోలేదు. పేరు లేకపోతే ఏం రాయాలో టెంప్లేట్‌లోనే చెప్పమంటుంది. డబ్బుల సంగతి ఉండే మెయిల్‌లో నాకు ఫ్రీమార్కర్ మొండితనమే నచ్చింది. మొత్తం ఎంతో రాయకుండా 'చెల్లించాల్సినది రూ.' అని పోవడం కన్నా అసలు పోకపోవడమే నయం. లాగ్‌లో కనపడుతుంది, సరిచేసి మళ్లీ పంపొచ్చు.

అందుకే మొదట దాన్నే పెట్టాం. అంత జాగ్రత్త గల ఫ్రీమార్కరే ఇంకోచోట మమ్మల్ని ముంచింది. టెస్టింగ్ అంతా బాగా సాగింది. ఆర్డర్ నంబర్లు 12, 45, 310. లైవ్‌లోనూ తొమ్మిది వందల తొంభై తొమ్మిది దాకా పేచీ లేదు. వెయ్యో ఆర్డర్ నుంచి 'మీ ఆర్డర్ చూడండి' అన్న లింకులన్నీ పగిలిపోయాయి. కారణం ఒక కామా. ఫ్రీమార్కర్ ఏ అంకెనైనా మనుషులు చదివేదే అనుకుని 1000ని 1,000 చేస్తుంది, అది లింకులో ఉన్నా సరే. ఫ్లవర్ బ్రాకెట్లలో పేరు పక్కన ప్రశ్నార్థకం, సి అనే అక్షరం పెడితే ఉత్త అంకె వస్తుంది. మందు తెలిశాక ఒక్క నిమిషం పని. రోగం కనుక్కోవడానికి ఒక పూట పట్టింది.

కామా మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. ఒక హోటల్ వాళ్లు లక్షా పాతిక వేల ఆర్డర్ ఇచ్చారు, మెయిల్‌లో 125,000 అని పడింది. సేటు ఫోన్ చేసి "ఇదేం లెక్క భై?" అన్నాడు. ఇందులో టెంప్లేట్ తప్పేమీ లేదు. అంకెలకు కామాలు పెట్టే జావా సొంత డెసిమల్‌ఫార్మాట్‌కు లక్షల కామా (1,25,000) రాదు. ప్యాటర్న్‌లో రెండు రకాల కామాలు పెట్టినా చివరిదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. ఏ ఇంజిన్ వాడినా సరే, డబ్బును జావాలోనే మన పద్ధతిలో స్ట్రింగ్ చేసి టెంప్లేట్‌కు ఇవ్వడం మేలు.

ఇక ఎస్కేపింగ్ సంగతి, అంటే కొన్నవాళ్లు రాసిన బ్రాకెట్లు ట్యాగ్ అయిపోకుండా మాటలుగానే కనపడేలా మార్చడం. థైమ్‌లీఫ్ టెక్స్ట్ అట్రిబ్యూట్ వాడితే తనంతట తానే ఎస్కేప్ చేస్తుంది. ఫ్రీమార్కర్‌లో ఆ వసతి 2.3.24తో వచ్చింది, ఫైల్ ఎక్స్‌టెన్షన్ ఎఫ్‌టీఎల్‌హెచ్ అని ఉండాలి. పాత ఎఫ్‌టీఎల్ అలవాటుతో పేరు పెడితే ఊరికే రాదు. వెలాసిటీలో ప్రతిదీ మనమే చూసుకోవాలి.

వెలాసిటీ మీద నాకు కోపమేమీ లేదు, మొదటి ఉద్యోగంలో దాని మీదే బతికాను. కానీ 1.7 వచ్చింది 2010లో, 2.0 వచ్చింది 2017లో. ఆ మధ్యలో చాలామంది సర్దుకుని వెళ్లిపోయారు. స్ప్రింగ్ 4.3లో దాని సపోర్టును వద్దన్నారు, 5లో తీసేశారు. ఇప్పటికే నడుస్తున్న టెంప్లేట్లు ఉంటే కదపకండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మాత్రం నేను చెప్పను.

ఇక ఫ్రీమార్కరా, థైమ్‌లీఫా? నన్నడిగితే ఆ ఫైల్‌ను ఎవరు తెరుస్తారో చూడాలి. ప్రోగ్రామర్లే రాసి ప్రోగ్రామర్లే మార్చేదైతే ఫ్రీమార్కర్. మెయిల్‌తో పాటు పంపే ప్లెయిన్ టెక్స్ట్ భాగానికీ అదే హాయి. థైమ్‌లీఫ్ టెక్స్ట్ మోడ్‌లో లూపు రాస్తే స్క్వేర్ బ్రాకెట్లు, హ్యాష్‌లు కలిసి ముగ్గు చెరిపినట్టుంటుంది. మా దగ్గర మాత్రం మెయిల్‌లో తెలుగు రాసేది సేటు కూతురు. జావా ఆమెకు రాదు, అవసరమూ లేదు. థైమ్‌లీఫ్ ఫైల్ మామూలు హెచ్‌టీఎమ్‌ఎల్. డబుల్ క్లిక్ చేస్తే క్రోమ్‌లో 'లక్ష్మి గారూ, 4×6 దర్రీ ఒకటి' అని నమూనా మాటలతోనే కనపడుతుంది, పంపేటప్పుడు ఆ చోట అసలు పేరు వస్తుంది. అదే ఫైల్ ఫ్రీమార్కర్‌ది తెరిస్తే డాలర్లు, ఫ్లవర్ బ్రాకెట్లే. అందుకని హెచ్‌టీఎమ్‌ఎల్ భాగం థైమ్‌లీఫ్‌కు ఇచ్చాం. పేరు, మొత్తం, ఆర్డర్ నంబర్ ఖాళీగా ఉంటే టెంప్లేట్ దాకా పోనీయకుండా జావాలోనే ఆపేస్తున్నాం. ఫ్రీమార్కర్ నేర్పిన బుద్ధి అది.

ఏది ఎంచుకున్నా తప్పనివి కొన్ని ఉన్నాయి. జావా 18కి ముందు డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) మెషీన్‌ను బట్టి మారేది. నా లాప్‌టాప్‌లో ముత్యాల్లా ఉన్న తెలుగు విండోస్ సర్వర్ మీద వరసగా ప్రశ్నార్థకాలైంది. టెంప్లేట్ చదివేచోట, సబ్జెక్ట్ పెట్టేచోట, బాడీ పెట్టేచోట, మూడుచోట్లా యూటీఎఫ్-8 అని విడిగా రాయండి. ఒకే మెయిల్‌ను రెండు రూపాల్లో పంపే మల్టీపార్ట్ ఆల్టర్నేటివ్‌లో ప్లెయిన్ టెక్స్ట్ ముందు, హెచ్‌టీఎమ్‌ఎల్ చివర. జీమెయిల్ 102 కేబీ దాటిన మెయిల్‌ను మధ్యలో కోసేస్తుంది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు, గుణింతం, వత్తు వేరే. స్టైల్ అంతా ప్రతి గడిలోనూ రాస్తూ పోతే పెద్ద ఆర్డర్‌కు ఆ హద్దు వచ్చేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, జావా మెయిల్‌లో టైమౌట్‌లు (ఎంతసేపు ఆగాలన్న హద్దులు) మనం పెట్టకపోతే లేనట్టే. ఎస్ఎమ్‌టీపీ సర్వర్ పలకకపోతే ఆ పని చేసే థ్రెడ్ అలాగే వేలాడుతుంది, పేజీ తిరుగుతూనే ఉంటుంది, కొనేవాళ్లు విసుగొచ్చి బటన్ రెండోసారి నొక్కుతారు. మాకు ఒకరికి రెండు దర్రీలు అలాగే పోయాయి. ఇప్పుడు ఆర్డర్‌ను సేవ్ చేసి, మెయిల్‌ను క్యూలో వేసి, పేజీని వదిలేస్తున్నాం.

మొన్న సేటు కూతురు ఫైల్ వాట్సాప్‌లో పంపింది. పాతదాంతో పోల్చి చూస్తే మారింది ఒక్క లైనే. 'మీ ఆర్డర్ కన్ఫర్మ్ చేయబడినది' అన్నచోట 'మీ దర్రీ మగ్గం ఎక్కింది' అని ఉంది. సాయంత్రానికి సర్వర్ మీద పెట్టేశాం.