నికాన్ 200–500 లెన్స్: సాటి ఫొటోగ్రాఫర్ల కళ్లతో ఒక సమీక్ష

నికాన్ సంస్థ 2015లో విడుదల చేసిన ఏఎఫ్-ఎస్ నిక్కోర్ 200–500 మి.మీ. ఎఫ్/5.6ఇ ఈడీ వీఆర్ లెన్స్ గురించి, లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు అంతటా వచ్చేసిన ఈ రోజుల్లో సమీక్ష రాయడానికి తగిన కారణమే ఉంది. అద్దం ఉండే పాత తరహా డీఎస్‌ఎల్‌ఆర్‌లను వదిలి కొత్త కెమెరాలకు మారుతున్నవారు ఈ లెన్స్‌ను అమ్మకానికి పెడుతున్నారు. ఉద్యోగం చేసుకుంటూ సెలవు రోజుల్లో చెరువు గట్ల వెంట తిరిగే నాలాంటి ఔత్సాహికుల్లో, పక్షుల ఫొటోలు తీయడం మొదలుపెట్టాలనుకునేవారు తరచుగా అడిగేదీ దీని గురించే. పరీక్షశాల కొలతలతో రాసిన సమీక్షలు ఇప్పటికే చాలా ఉన్నాయి. అనుభవం గల ఫొటోగ్రాఫర్ల ముందు ఈ లెన్స్‌తో తీసిన ఫొటోలు పెట్టినప్పుడు వారు ఏం చెప్పారో, ఆ మాటల్లో లెన్స్‌కు చెందినది ఎంతో, వెలుతురుకూ గాలికీ తీసే చేతికీ చెందినది ఎంతో విడదీసి చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

ముందుగా లెన్స్ వివరాలు క్లుప్తంగా చెబుతాను. 200 నుంచి 500 మి.మీ. దాకా ఎక్కడ ఉన్నా గరిష్ఠ అపెర్చర్ (వెలుతురును లోపలికి వదిలే రంధ్రం; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది) ఎఫ్/5.6గానే ఉంటుంది. లోపల 12 వర్గాలుగా అమర్చిన 19 గాజు పలకలు ఉన్నాయి, వాటిలో 3 అంచుల్లో రంగు చారలను తగ్గించే ఈడీ గాజువి. స్టాండు పట్టీతో కలిపి బరువు దాదాపు 2.3 కిలోలు, ముందు భాగంలో పట్టే ఫిల్టర్ సైజు 95 మి.మీ., అతి దగ్గరి ఫోకస్ దూరం 2.2 మీటర్లు. నేను వాడే డీ500 లాంటి చిన్న సెన్సర్ కెమెరాకు తగిలిస్తే ఇది 300–750 మి.మీ. లెన్స్‌తో సమానమైన దృశ్యకోణం ఇస్తుంది. అపెర్చర్‌ను విద్యుత్తుతో నడిపే ‘ఇ’ రకం కాబట్టి డీ90 వంటి పాత కెమెరాల మీద అపెర్చర్ మార్చడం కుదరదు. పాత బాడీ చేతిలో ఉన్నవారు కొనే ముందు ఈ సంగతి తప్పనిసరిగా చూసుకోవాలి.

మా హైదరాబాద్ మిత్రబృందంలో ఫొటోలు చూసే పద్ధతికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. క్రాప్ చేయని అసలు ఫ్రేమ్‌నే ముందు పెద్ద తెర మీద చూపించాలి. షట్టర్ స్పీడ్, అపెర్చర్, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి), పక్షి ఎంత దూరంలో ఉందన్న అంచనా చెప్పాలి. ఆ తర్వాత తీసినవారు మౌనంగా ఉండాలి, చూసినవారు మాట్లాడాలి. ‘బాగుంది’ అన్న మాటకు అక్కడ విలువ లేదు; ఏది బాగుంది, ఎందుకు బాగుంది అని చెప్పగలిగితేనే ఆ మాట లెక్కలోకి వస్తుంది. ఫోన్ తెర మీద అన్ని ఫొటోలూ పదునుగానే కనిపిస్తాయి కాబట్టి, లెన్స్‌ను అంచనా వేయాలన్నా, తీసిన చేతిని అంచనా వేయాలన్నా ఈ పద్ధతి కన్నా నమ్మదగినది నాకు తెలియదు.

ఈ లెన్స్ మీద అందరికీ ఉండే మొదటి సందేహం, 500 మి.మీ. దగ్గర, అపెర్చర్ పూర్తిగా తెరిచినప్పుడు ఫొటో మెత్తబడుతుందా, అంటే పదును తగ్గుతుందా అన్నది. కొద్దిగా మెత్తబడుతుంది, ఎఫ్/8కి వస్తే ఈకల అంచులు స్పష్టంగా బిగుసుకుంటాయి. అయినా ఆ తేడా దగ్గరి పక్షుల ఫొటోలను వంద శాతం పెంచి చూస్తే తప్ప తెలిసేంత పెద్దది కాదు. దూరపు పక్షుల సంగతి వేరు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే దారిలో పులికాట్ సరస్సు మీద ఫ్లెమింగోల గుంపులను మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటోలు చూపించినప్పుడు, లెన్స్ బాగాలేదని ఒకరిద్దరు తేల్చేయబోయారు. అప్పుడు బృందంలోని పెద్దాయన ఒకరు వరుసగా తీసిన ఫ్రేములన్నిటినీ ఒకదాని వెంట ఒకటి తిప్పి చూపించమన్నారు. ప్రతి ఫ్రేమ్‌లోనూ పక్షి మెడ ఒక్కో తీరుగా వంకర పోతోంది. “ఇది గాజు చేసిన పని కాదండీ, వేడిగాలి చేసిన పని” అన్నారాయన. నేల, నీరు వేడెక్కినప్పుడు పైకి లేచే గాలి పొరల సాంద్రత మారుతూ ఉంటుంది, వాటి గుండా వచ్చే కాంతి వంగుతుంది. దూరం పెరిగేకొద్దీ ఆ వంపు అంతా ఫొటోలో పోగుపడుతుంది. లక్షలు పోసి కొన్న లెన్స్ అయినా దీన్ని సరిదిద్దలేదు. పొద్దు పొడిచిన మొదటి గంటలోనే వెళ్లడం, దూరం తగ్గే చోటు చూసుకోవడం తప్ప మరో మార్గం లేదు. ఈ 200–500ను మెత్తని లెన్స్ అని నిందించే మాటల్లో గణనీయమైన భాగం ఈ వేడిగాలి ఖాతాలో వేయవలసినదే అని నా గట్టి నమ్మకం.

దీనికి సరిగ్గా ఎదురు సమస్య దగ్గరి పక్షులతో వస్తుంది. అమీన్‌పూర్ చెరువు గట్టున అయిదు మీటర్ల దూరంలో కొమ్మ మీద కూర్చున్న లకుముకి పిట్టను 500 మి.మీ., ఎఫ్/5.6తో తీస్తే, చిన్న సెన్సర్ మీద పదునుగా ఉండే లోతు సుమారు రెండు సెంటీమీటర్లే. పిట్ట మన వైపే చూస్తూ ఉంటే కన్ను స్పష్టంగా పడి ముక్కు కొస కరిగిపోతుంది. “కన్ను బాగుంది గానీ ముక్కు ఏదీ?” అన్న ప్రశ్న మా బృందంలో వినిపించని రోజు ఉండదు. వెలుతురు అనుమతిస్తే ఎఫ్/8కి మారడం ఒక ఉపాయం. పిట్ట తల పక్కకు తిప్పి, ముక్కూ కన్నూ ఒకే తలంలోకి వచ్చేదాకా ఆగడం అంతకన్నా మంచి ఉపాయం. రెండోదాన్ని ఏ సూచనల పుస్తకమూ చెప్పదు, పక్కన కూర్చుని ఫొటో చూసినవారే చెబుతారు. పట్టణ పరిధిలో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా 2016లో గుర్తింపు పొందిన ఆ చెరువు, ఇలాంటి ఓపిక నేర్చుకోవడానికి హైదరాబాద్ వారికి దొరికిన గొప్ప చోటు.

ఆటో ఫోకస్ వేగం మధ్యస్థం. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూటికి తిరిగి వచ్చే గూడబాతులు, అంటే పెలికాన్లు, నిదానంగా రెక్కలు చాపి తేలుతూ వస్తాయి కాబట్టి వాటిని ఇది ఏ ఇబ్బందీ లేకుండా వెంబడిస్తుంది. నీటి మీదికి ఒక్క ఉదుటున దూకే లకుముకినీ, క్షణానికొక దిక్కుకు తిరిగే వానకోయిలనూ పట్టుకోవాలంటే మాత్రం అదృష్టం కూడా తోడు రావాలి. లెన్స్ పక్కనున్న మీటను ఆరు మీటర్ల నుంచి అనంతం దాకా ఉన్న స్థానంలో పెడితే, ఫోకస్ అనవసరంగా దగ్గరికి వచ్చి వెతుక్కోవడం తగ్గి, ఎగిరే పక్షుల ఫొటోలు చెప్పుకోదగినంతగా మెరుగుపడతాయి.

ఇక్కడే సాటివారి సలహా వల్ల మాత్రమే బయటపడే విషయం ఒకటి ఉంది. ఒకే ఫొటో చూపిస్తే ఫోకస్ తప్పిందని అంటారు. అదే లెన్స్‌తో తీసిన ఫొటోలు వరుసగా చూపిస్తే, ప్రతిసారీ పదును కంటి దగ్గర కాక దాని వెనక మెడ ఈకల మీదే పడుతోందని పసిగడతారు. అలా ఒకే దిక్కుకు జరిగే పొరపాటు చేతిది కాదు, కెమెరాకూ లెన్స్‌కూ మధ్య పొంతన కుదరకపోవడం. డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఫోకస్‌ను కొలిచే సెన్సర్ వేరు, ఫొటో పడే సెన్సర్ వేరు కాబట్టి ఏ లెన్స్‌తోనైనా ఇది జరగవచ్చు. లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూస్తూ తీసిన ఫొటోతో పోల్చి చూసి, కెమెరా మెనూలోని ఏఎఫ్ ఫైన్ ట్యూన్ ద్వారా సరిచేసుకోవచ్చు. డీ500, డీ7200, డీ7500లలో ఆ సదుపాయం ఉంది. డీ3500, డీ5600 వంటి ప్రారంభ స్థాయి కెమెరాల్లో లేదు. ఆ కెమెరాలు ఉన్నవారు తమ బాడీకే తగిలించి చూడకుండా ఈ లెన్స్ కొనకూడదు.

వణుకును అదుపు చేసే వీఆర్ ఈ లెన్స్‌కున్న గొప్ప బలం. నికాన్ చెప్పిన నాలుగున్నర స్టాపుల లెక్క (ఒక్కో స్టాపుకు షట్టర్ స్పీడును సగానికి తగ్గించవచ్చు) పక్కన పెట్టినా, చెట్టు నీడలో కదలకుండా కూర్చున్న గుడ్లగూబను తక్కువ షట్టర్ స్పీడులో చేతితోనే తీయగలగడం నిజమైన ఉపకారం. పక్షి వెంట కెమెరా తిప్పేటప్పుడు ‘స్పోర్ట్’ స్థానంలో పెడితే వ్యూఫైండర్‌లో దృశ్యం ఎగిరిపడకుండా నిలుస్తుంది. అయితే వీఆర్ మన చేతి వణుకునే ఆపుతుంది తప్ప పక్షి కదలికను ఆపదు. ఎగిరే కొంగకు 1/1600 సెకను, చిన్న పిట్టలకు అంతకన్నా వేగం కావలసిందే. బరువు విషయంలో దాపరికం అక్కర్లేదు: కెమెరాతో కలిపి మూడు కిలోలు దాటుతుంది, గంట సేపు ఎత్తి పట్టుకుంటే భుజాలు లాగేస్తాయి. కారు కిటికీ మీద బియ్యం నింపిన గుడ్డ సంచి వేసుకుని దాని మీద లెన్స్ ఆనించమని మిత్రులు చెప్పిన సలహా, ఖరీదైన స్టాండ్ల కన్నా నాకు ఎక్కువ ఉపయోగపడింది. లెన్స్‌తో వచ్చే స్టాండు పాదం మాత్రం నాసిగా ఉంది. బిగించినా కొద్దిగా ఊగుతుంది, స్టాండ్లకు విరివిగా వాడే ఆర్కా రకం బిగింపులకు నేరుగా కుదరదు. బయటి కంపెనీల పాదం కొనుక్కోవడం మేలు.

జూమ్ రింగును ఒక కొస నుంచి మరో కొసకు తిప్పాలంటే మణికట్టు ఒక్క తిప్పుతో పని జరగదు. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో పక్షులు చెరువులోని చెట్ల మీద, గట్టుకు దగ్గరగానే కాపురం ఉంటాయి. గూటి పుల్ల ముక్కున కరుచుకుని నేరుగా మన మీదుగా వచ్చే పెయింటెడ్ స్టార్క్ కొంగను 500 దగ్గర మొదలుపెట్టి 300కి తగ్గించేలోగా రెక్కల కొసలు ఫ్రేమ్ బయటికి పోతాయి. రెక్క తెగిన ఫొటోను మా బృందం క్షమించదు. అందుచేత అలాంటి చోట మొదటి నుంచే 350 దగ్గర ఉంచి, చుట్టూ ఖాళీ వదిలి తీయమని వారి సలహా. ఆ ఖాళీ కూడా పక్షి పోతున్న దిక్కున ఎక్కువ ఉండాలి.

ఎప్పుడూ ఎఫ్/5.6గానే ఉండే అపెర్చర్ విలువ తెల్ల కొంగల ఫొటోలు తీసేటప్పుడు తెలుస్తుంది. ఎండలో తెల్లని ఈకలు కాలిపోయినట్టు పడితే వాటిలోని వివరాన్ని ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. కాబట్టి తెలుపుకు సరిపోయేలా మాన్యువల్‌గా ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుతురు మోతాదు) ఒకసారి కుదుర్చుకుంటే, వెలుతురు మారనంతవరకూ జూమ్ ఎంత మార్చినా ఆ లెక్క చెడదు. సిగ్మా, టామ్రాన్ సంస్థల 150–600 లెన్స్‌లలో జూమ్ పెంచేకొద్దీ గరిష్ఠ అపెర్చర్ ఎఫ్/5 నుంచి ఎఫ్/6.3కి పడిపోతుంది కాబట్టి, పూర్తిగా తెరిచి తీసేవారికి ఈ నిశ్చింత ఉండదు. అవి అదనంగా ఇచ్చే వంద మిల్లీమీటర్లు కావాలో, ఈ స్థిరత్వం కావాలో ఎవరికి వారే తేల్చుకోవాలి. నా మొగ్గు స్పష్టంగా రెండోదాని వైపే.

500 మి.మీ. పొడవు వల్ల ఫొటోలతో పాటు పక్షులకూ మేలు జరుగుతుంది. మా బృందంలో ఫొటో బాగుందా అన్న ప్రశ్న కన్నా ముందు, దాన్ని ఎలా తీశారన్న ప్రశ్న వస్తుంది. గూటికి దగ్గరగా వెళ్లి, ఆకులు తొలగించి తీసిన ఫొటో ఎంత పదునుగా ఉన్నా దాని మీద ఎవరూ వ్యాఖ్యానించరు. ఫోన్‌లో కూతలు వినిపించి పక్షిని రప్పించడాన్ని కూడా అంతే కఠినంగా చూస్తారు. పక్షి తల ఎత్తి మన వైపు కలవరంగా చూస్తున్న ఫొటో, మనం ఎక్కువ దగ్గరికి వెళ్లామనడానికి సాక్ష్యమని నాకు మొదట చెప్పినవారు వీరే. నేలపట్టులో కావలి మంచె మీద నుంచే గూడబాతు ముఖంలోని వివరం దాకా చూడగలిగినప్పుడు, హద్దు దాటవలసిన అవసరం ఎవరికీ ఉండదు.

మిర్రర్‌లెస్ నికాన్ వాడేవారు పాత లెన్స్‌లను కొత్త కెమెరాలకు కలిపే ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌తో దీన్ని తగిలించుకోవచ్చు, ఆటో ఫోకస్ పనిచేస్తుంది. కానీ కొత్తగా ఖర్చు పెట్టగలిగినవారికి 2023లో వచ్చిన నికాన్ జడ్ 180–600 లెన్స్ నిస్సందేహంగా మెరుగైన ఎంపిక: జూమ్ చేసినా పొడవు మారదు, రింగు తిప్పు చాలా తక్కువ. డీఎస్‌ఎల్‌ఆర్‌తోనే కొనసాగేవారికి, పరిమితమైన డబ్బుతో మొదలుపెట్టేవారికి మాత్రం 200–500నే నేను సిఫారసు చేస్తాను.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు లెన్స్ వెనక నుంచి టార్చి వేసి, లోపల సాలెగూడులాంటి ఫంగస్ పోగులు ఉన్నాయేమో చూడాలి. విశాఖ, కాకినాడ, నెల్లూరు వంటి తీర పట్టణాల్లో తేమ ఎక్కువ కాబట్టి అక్కడ వాడిన లెన్స్‌ల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. జూమ్ చేసినప్పుడు గొట్టం ముందుకు సాగే నిర్మాణం కనుక కొద్దిపాటి ధూళి లోపల కనిపించడం సహజమే, దానికి భయపడనక్కర్లేదు. ఫోకస్ చేసేటప్పుడు కీచుమనే శబ్దం వస్తే మోటారును అనుమానించాలి. 500 దగ్గర, ఎఫ్/5.6లో, పాతిక అడుగుల లోపు ఉన్న ఏదైనా చెట్టు బెరడును కొన్ని ఫ్రేములు తీసి, డబ్బు చెల్లించే ముందే వాటిని తెలిసిన ఫొటోగ్రాఫర్‌కు అసలు సైజులో పంపి అభిప్రాయం అడగండి.