తాళం వేసిన ఇంటికి 16 ఆంప్స్ స్మార్ట్ ప్లగ్: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ దండగ

ఇంట్లో ఒకరిని ఆసుపత్రిలో చేర్చి, మిగతావాళ్లు కూడా నెలా రెండు నెలలు అక్కడే ఉండిపోవాల్సి వచ్చినప్పుడు, తాళం వేసిన ఇంటికి కూడా వంద యూనిట్ల బిల్లు రావచ్చు. చాలామంది ముందు మీటరునే అనుమానిస్తారు. నిజానికి తప్పు మీటరుది కాకపోవచ్చు. ఈ ఖర్చు తగ్గించుకోవడానికి యూనిట్లు చూపించే 16 ఆంప్స్ వైఫై స్మార్ట్ ప్లగ్ (గోడ సాకెట్‌కీ వస్తువుకీ మధ్య పెట్టి, ఫోన్లోంచి ఆన్, ఆఫ్ చేసుకునే ప్లగ్) కొనమని సలహా ఇస్తున్నారు. వస్తువు మంచిదే. కానీ ఏ పనికి మంచిదో తెలిసి కొనాలి.

ముందు లెక్క చూద్దాం. 10 వాట్లు లాగే వస్తువు రాత్రీపగలూ ఆన్‌లో ఉంటే నెలకు 7.2 యూనిట్లు. వైఫై రౌటరు ఒకటి, సెట్‌టాప్ బాక్స్ ఒకటి, పాత ఏసీ స్టెబిలైజరు ఒకటి, తలా పది వాట్లు అనుకుంటే 21 దాటింది. నాలుగు కెమెరాలు, వాటి వీడియో రికార్డు చేసే పెట్టె (డీవీఆర్) కలిపి 35 వాట్లయితే మరో 25. ఫుల్ చార్జయిన బ్యాటరీ మీద ఇన్వర్టరు 15 వాట్లు లాగితే 11. ఫ్రిజ్ రోజుకు 0.8 చొప్పున 24. ఆపడం మర్చిపోయిన గీజరు నీళ్ల వేడి నిలుపుకుంటూ రోజుకు అర యూనిట్ తింటే 15. మొత్తం 97. మనిషి అలికిడి లేదు, ఫ్యాను తిరగలేదు!

తెలంగాణలో ఈ వంద దగ్గరే అసలు చిక్కుంది. సరిగ్గా 100 యూనిట్లు కాలితే, 50 వరకు 1.95, ఆపైన 3.10 చొప్పున ఎనర్జీ చార్జీ 252 రూపాయల 50 పైసలు. 101 అయితే మొదటి వందకీ 3.40 పడి, ఆ ఒక్క యూనిట్‌కి 4.80 కలిసి 344 రూపాయల 80 పైసలు. ఒక్క యూనిట్‌కి తొంభై రెండు రూపాయల తేడా. అందుకే ఖాళీ ఇంట్లో పది వాట్లని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇక ప్లగ్ సంగతి. కొలవడానికి బాగా పనికొస్తుంది. ఫ్రిజ్‌కి పెట్టి రెండు రోజులు వదిలేస్తే రోజుకెంతో తేలిపోతుంది. రెండు మూడు వాట్ల చిన్న లోడుని మాత్రం చాలా ప్లగ్‌లు సున్నాగా చూపిస్తాయి, దాన్ని నమ్మొద్దు. 2000 వాట్ల గీజరు తొమ్మిది ఆంప్స్ లోపే లాగుతుంది కాబట్టి 16 ఆంప్స్ ప్లగ్ మోస్తుంది. అయితే గోడ సాకెట్ లూజుగా ఉంటే అక్కడ వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. పిన్ను బిగుతుగా కూర్చోకపోతే ముందు సాకెట్ మార్పించండి. హడావుడిగా ఆంబులెన్సులో బయల్దేరినప్పుడు ఆసుపత్రి నుంచే గీజరు ఆపగలగడం నిజంగా గొప్ప సదుపాయం.

నెలల తరబడి ఖాళీగా ఉండే ఇంట్లో మాత్రం లెక్క తిరగబడుతుంది. ప్లగ్ పని చేయాలంటే రౌటరు ఆన్‌లో ఉండాలి. అదే ఏడు యూనిట్లు. ప్లగ్ తనకోసం ఇంకో వాటు తింటుంది. మూడు ప్లగ్‌లు, ఒక రౌటరు కలిపి నెలకు 9 యూనిట్లు దాటుతుంది. గుమ్మం దగ్గరున్న ఎంసీబీ బోర్డు (ఒక్కో లైనుకి కరెంటు ఆపే స్విచ్‌లుండే పెట్టె) ఆ పనే పైసా లేకుండా చేస్తుంది. తాళంచెవి పక్కింట్లో ఇచ్చి, ఏ స్విచ్ దేనిదో బోర్డు మీద కాగితం అంటిస్తే ఫోన్లో చెప్పి ఆపించొచ్చు.

కానీ మెయిన్ ఆపే ముందు ఇన్వర్టరు చూడండి. ఎక్కువగా డబ్బు పోయేది ఇక్కడే. ఇన్వర్టరు ఆన్‌లో ఉంచి మెయిన్ దించితే, అది కరెంటు పోయిందనుకుని బ్యాటరీ నుంచి ఇంటికి సరఫరా మొదలుపెడుతుంది. రౌటరు, ఓ బల్బు చాలు, రెండు మూడు రోజుల్లో బ్యాటరీ అడుగంటుతుంది. అలా ఖాళీగా నెల పడుంటే ప్లేట్లకి సల్ఫేట్ పట్టి, వేలు పోసి కొన్న ట్యూబులర్ బ్యాటరీ చార్జి పట్టదు. కాబట్టి డిస్టిల్డ్ వాటర్ లెవెల్ చూసి, పూర్తిగా చార్జి చేసి, ఇన్వర్టరు స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి టేపు చుట్టండి. రెండు నెలలకోసారి ఎవరైనా వచ్చి ఒక పూట చార్జి పెడితే సరిపోతుంది.

ఫ్రిజ్ ఆపితే ఖాళీ చేసి, తుడిచి, తలుపు మధ్య మడిచిన తువ్వాలు పెట్టి సందు వదలండి. మూసేస్తే బూజు పడుతుంది. లోపల ఇన్సులిన్ ఉందేమో రెండుసార్లు వెతకండి, అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన మందు. ఫ్రిజ్ నడపక తప్పకపోతే దానికి స్మార్ట్ ప్లగ్ వద్దు. పెట్టక తప్పదంటే యాప్‌లో, కరెంటు వచ్చాక తిరిగి ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంచండి. కొన్ని ప్లగ్‌లు కరెంటు పోయి వచ్చాక ఆఫ్‌లోనే ఉండిపోతాయి.

ఆటోమేటిక్ మోటారు ఉన్న ఇండిపెండెంట్ ఇంట్లో ఫ్లష్ ట్యాంకు కారుతుంటే మోటారు దానంతటదే తిరుగుతూనే ఉంటుంది. ఒక హెచ్‌పీ మోటారు గంటకు ఒక యూనిట్ దాకా లాగుతుంది. మోటారు ఎంసీబీ దించి, బాత్రూం వాల్వులు కట్టేయండి.

అన్నీ ఆపినా కస్టమర్ చార్జీ, కిలోవాటుకి పది రూపాయల ఫిక్స్‌డ్ చార్జీ తప్పవు. మీటరు గేటు లోపల ఉంటే రీడింగ్ అందక సరాసరి బిల్లు వేస్తారు. బయల్దేరే రోజున మీటరు ఫొటో తీసి ఉంచుకోండి, గేటు తాళంచెవి కూడా పక్కింట్లోనే ఇవ్వండి.